కచేరీలో దగ్గినవాడు

ఆ ఎండాకాలం ఇరవై ఆరు రోజులపాటు నా భార్య నాకు భార్యో కాదో నాకు తెలియలేదు. మసీదు షేక్ అవునన్నాడు. ఆమె ఏమీ అనలేదు. దీనంతటికీ మూలం ఒక దగ్గు. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట కైరోలో ఒక పెద్ద హాల్లో, ఒకాయన కానూన్ ఒళ్ళో పెట్టుకుని తీగలు మీటుతూ ఉంటే జనంలో ఎవడో దగ్గాడు. వాడెవడో నాకు తెలియదు. ఈపాటికి పోయే ఉంటాడు.

నేను మాటలు తక్కువ మనిషిని. కైరోలో షుబ్రా పేటలో, మా సందు చివర నలభై మూడేళ్ళు స్పీకర్లు బాగుచేశాను. పెళ్ళి పందిళ్ళలో అరిచి అరిచి చిరిగిపోయినవాటిని తెచ్చి పడేసేవాళ్ళు. పాత కాగితం పీకి, కొత్తది అంటించి, జిగురు ఆరేదాకా కూర్చోవడం నా పని. జిగురుతో ఎవరూ మాట్లాడక్కర్లేదు. బడికి మూడేళ్ళు వెళ్ళాను. పేరు రాయగలను, అంకెలు చదవగలను. సందులో నాకు మర్యాద ఉందంటే అది చెవి వల్ల. పక్క వీధిలో స్పీకరు పలికితే దాని కాయిల్ ఎంత కాలిందో చెప్పేవాడిని. "బయ్యూమీ చెవి" అనేవాళ్ళు, వేరే ఎవరో మనిషి గురించి చెప్పినట్టు.

ప్రతి శుక్రవారం నమాజు, భోజనం అయ్యాక లబీబ్ మాస్టారు కాగితం పొట్లంలో వేయించిన పుచ్చగింజలు పట్టుకుని వచ్చేవాడు. భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ముందు గదిలో నేను చేసిన రెండు స్పీకరు డబ్బాల ఎదురుగా కూర్చుని ఏదో ఒక పాత కచేరీ వినేవాళ్ళం. మా పద్ధతి ఒకటే. కళ్ళు మూసుకోవాలి, పాట అయ్యేదాకా నోరు తెరవకూడదు. పుచ్చగింజలు కూడా అయ్యాకే.

పాటలు ఫోన్లోంచి వచ్చేవి. క్యాసెట్లన్నీ తేమకు పోయాక మా అమ్మాయి రబాబ్ తన పాత ఫోను నాకిచ్చి, దాన్ని డబ్బాలకు తగిలించింది. ఆ జూన్ మొదట్లో ఇంకో మాట చెప్పింది.

"నాన్నా, ఇప్పుడు పెద్ద పాట కూడా ఇస్తున్నారు. మామూలు దాంట్లో మన చెవికి అందవని వాళ్ళనుకున్న ముక్కలు కోసేస్తారు. ఇందులో ఏదీ కోయరు."

"కోసింది ఎక్కడ పడేస్తారు?"

"ఎక్కడా పడేయరు. అసలు మనదాకా పంపరు."

నలభై మూడేళ్ళు స్పీకర్లతో బతికినవాడికి ఇన్నాళ్ళూ కోసిన పాట పెట్టారంటే మనసు ఒప్పుతుందా? పెద్దదే పెట్టమన్నాను. రబాబ్ కొంచెం తటపటాయించి పెట్టింది. ఎందుకు తటపటాయించిందో నేను అడగలేదు. అడగడం నా అలవాటు కాదు.

రబాబ్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళ కిందట ఆమె భర్త ఫోన్లో తలాఖ్ అని మూడుసార్లు చెప్పి పెట్టేశాడు. పెట్టెతో వచ్చింది. అప్పటినుంచి లోపలి గదిలో కూర్చుని, ఫోన్ తెర మీదే బోస్నియా పిల్లలకీ మలేషియా పిల్లలకీ ఖురాన్ పఠనం నేర్పుతోంది. నాలుక ఎక్కడ తగలాలి, గాలి ఎక్కడ ఆగాలి, అదీ పని. దానికి ఇంటర్నెట్ కావాలి. మా దగ్గర అది నెలకింత అని కొలిచి ఇస్తారు. పిండి డబ్బాలాగే, నెలాఖరుకి అడుగు కనిపిస్తుంది.

లబీబ్ పెద్ద పాట సంగతి విని పొట్టపట్టుకుని నవ్వాడు.

"డెబ్బై ఒకటో ఏట, నువ్వే జిగురు పెట్టిన డబ్బాల్లో, కింద కూరగాయల బండివాడు అరుస్తుంటే నీకు తేడా తెలుస్తుందా? బండి దగ్గర నిలబడి చిక్కుడుగింజల ఫూల్ తిని, అవి ఏ ఊరి గింజలో చెప్పవయ్యా చూద్దాం!"

నిజానికి మొదటి రెండు శుక్రవారాలు నాకూ ఏమీ తెలియలేదు. ఆ మాట బయటికి అనలేదు.

మూడో శుక్రవారం విన్నాను. పాట మధ్యలో గాయని ఆగి, కానూన్ ఒంటరిగా నడిచే చోటు ఉంది. ఆ కచేరీ నేను ఎన్ని వందలసార్లు విన్నానో! ఆ రోజు తీగ మీద గోరు తగిలిన చప్పుడు విడిగా వినిపించింది. ఎడమవైపు ఒక కుర్చీ కిర్రుమంది. దాని వెనక ఒకడు దగ్గాడు. చేయి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ దగ్గినట్టు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

పాట అయ్యాక లబీబ్‌ని అడిగాను. "దగ్గు విన్నావా?"

"విన్నాను."

"ఇదివరకు లేదు."

"ఎందుకు లేదు? క్యాసెట్లోనూ ఉండేది."

"లేదు."

"ఉంది బయ్యూమీ. నీ చెవిలో గుబిలి ఉండి నీకు వినపడలేదు. ఈ మధ్య కడుక్కుని ఉంటావు."

ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళలో నా చెవి గురించి నా ముఖాన అలా అన్నవాడు లేడు. లేచి నిలబడ్డాను. "ఈ దగ్గు పెద్ద పాటలోనే వినిపిస్తుంది. మామూలు దాంట్లో వినపడదు. వినపడితే నా మీద మూడు తలాఖులు!"

లబీబ్ వాళ్ళు కాప్టిక్ క్రైస్తవులు. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీకది సులువయ్యా. మాకు చర్చిలో ఒకసారి ముడిపడిందంటే చచ్చినా ఊడదు. నేనేం ఒడ్డను? ఇదిగో, ఈ పుచ్చగింజలు ఒడ్డుతా."

అన్నది తప్పయితే పెళ్ళానికి విడాకులైనట్టే అని ఆ ఒట్టుకి అర్థం. మా దగ్గర అది పెద్ద మాటేం కాదు. మైక్రోబస్సు నడిపేవాడు టీ తాగించడానికి ఆ ఒట్టే వేస్తాడు. మాంసం కొట్టువాడు పొద్దున పదిలోపు పదిసార్లు వేస్తాడు. వాళ్ళ పెళ్ళాలు ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తారు. కానీ నేను నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ అనలేదు.

నా భార్య దౌలత్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పుచ్చకాయ ముక్కలు, తెల్ల జున్ను. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె వెనక రబాబ్. రబాబ్ ముఖం పాలిపోయింది.

"నాన్నా, ఏమన్నావు?"

లబీబ్ ఆ ముఖం చూసి నవ్వు ఆపాడు.

"పెద్ద పాట తీసేశాను నాన్నా. పదకొండు రోజులైంది. అది నెట్ అంతా తాగేసి నా పాఠం మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ కొన్నది తర్వాత నెల దాకా సరిపోవాలని అన్నిటికంటే చిన్నది పెట్టాను. నువ్వు విన్నది చిన్నదే."

ఫోన్ తెర నా ముందు పెట్టింది. ఏవో ఇంగ్లీషు అక్షరాలు. చివరి గీత పక్కన చుక్క ఉంది. అదేమిటో నాకు చదవడం రాదు, కానీ రబాబ్ అబద్ధం ఆడదు.

దౌలత్ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "తీసుకోండి మాస్టారూ," అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీరూ తీసుకోండి హాజీగారూ," అంది.

నన్ను ఆమె ఎప్పుడూ "ఏమయ్యా" అనే పిలిచేది.

లబీబ్ వెళ్ళగానే తలగుడ్డ తీసి కుర్చీ వీపు మీద వేయడం ఆమె అలవాటు. ఇంట్లో బయటి మగవాడు లేడని దాని అర్థం. ఆ సాయంత్రం తీయలేదు. గడ్డం కింద పిన్ను ఒకసారి తడిమి చూసుకుని, మంచం మీద తన దిండు తీసుకుని రబాబ్ గదిలోకి వెళ్ళిపోయింది.

*

మరునాడు మసీదుకి వెళ్ళాను. షేక్ మూమిన్ చిన్నవాడు, మా రబాబ్ కంటే చిన్న. చెప్పులు పక్కన పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాం. నాకు తెలిసినట్టు చెప్పాను. అతను రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

"ఆగు బాబాయ్. దగ్గు ఉందా, లేదా?"

"ఉంది."

"పెద్ద పాటలో ఉందా?"

"పెద్ద పాట పెట్టి ఉన్నప్పుడు వినపడలేదు."

"చిన్న పాటలో వినపడిందా?"

"వినపడింది. కానీ అప్పుడది పెద్ద పాట అనుకున్నాను."

షేక్ గడ్డం గోక్కున్నాడు. "అంటే తేడా ఉంది కానీ తిరగబడి ఉంది. సుబహానల్లా! నా చదువులో ఇలాంటిది రాలేదు బాబాయ్. సరే, నీకు ఇంటావిడను వదిలేసే ఉద్దేశం ఉందా?"

"అస్తగ్ఫిరుల్లా, అంత మాటా!"

"అయితే వినపడినా వినపడకపోయినా ఆమె నీ భార్యే. మాట గట్టి చేయడానికి వేసిన ఒట్టు కాపురాన్ని విడగొట్టదు. పదిమంది పేదలకు అన్నం పెట్టు. నోరు కాస్త దగ్గర పెట్టుకో." గొంతు తగ్గించాడు. "నిన్ను చూస్తే నోరున్నవాడిలా కనపడవే!"

అన్నం, పప్పు కలిపిన కొషరీ పది డబ్బాలు కొని బజార్లో మూటలు మోసేవాళ్ళకు పంచాను. ఇంటికొచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి షేక్ మాట చెప్పాను. దౌలత్ మొలొఖియా ఆకు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"షేక్‌గారు మిమ్మల్ని అడిగారు. నన్నడగలేదు."

"నువ్వేం అడుగుతావు?"

కత్తి ఆగింది. "ఖాయంగా తెలిసి అన్నారా, ఆయన మీద గెలవడానికి అన్నారా? విని అన్నవాడైతే పొరపడ్డాడు, సరే. వినకుండా అన్నవాడైతే, నలభై ఒక్క ఏళ్ళు తీసి పుచ్చగింజల పక్కన పెట్టాడన్నమాట. రెండింట్లో ఏది?"

నాకు తెలియదు. అదే కష్టం. విన్నాను. కానీ లేనిదాన్ని ఎలా వింటారు? అన్నీ కోసేసిన పాటలో, ఇన్నేళ్ళు వినపడని దగ్గు ఎలా వచ్చింది? గెలవాలని నా చెవే దగ్గిందా?

"తెలియదు," అన్నాను.

"తెలిశాక చెప్పండి," అని ఆకు తరగడం మొదలుపెట్టింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో నేను లాడ్జీలో దిగినవాడిలా ఉన్నాను. అన్నం వేళకు వచ్చేది. చొక్కా ఉతికి మడతపెట్టి ఉండేది. ఆమె నా ముందుకు వచ్చినప్పుడల్లా తల మీద గుడ్డ, గడ్డం కింద పిన్ను. ఆ వేడిలో, ఫ్యాను కింద నేను బనీనుతో ఉడుకుతుంటే ఆమె మెడ దగ్గర గుడ్డ తడిసి నల్లబడేది. చూసి తల తిప్పుకునేవాడిని.

రబాబ్ ఏడ్చింది. "నా వల్లే నాన్నా. చెప్పి తీసేయాల్సింది."

"నీ తప్పు లేదు. ఒక సాయం చెయ్యి. నాకు చెప్పకుండా ఒకసారి చిన్నది, ఒకసారి పెద్దది పెట్టు. నేను చెబుతాను."

నెల మారి నెట్ మళ్ళీ నిండింది. ఒక మధ్యాహ్నం నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే రబాబ్ నా వెనక నిలబడి ఆ కానూన్ ముక్కనే ఇరవైసార్లు పెట్టింది. ప్రతిసారీ దగ్గు వినపడింది. ప్రతిసారీ గోరు వినపడింది. పెద్దది, చిన్నది, పెద్దది, పెద్దది అని చెబుతూ పోయాను. పదిహేనోసారి వచ్చేసరికి నా మాట మీద నాకే నమ్మకం తప్పింది.

"ఎన్ని?"

"పదకొండు నాన్నా. ఇరవైలో."

"నాణెం ఎగరేసినా అన్ని వస్తాయి కదా?"

రబాబ్ ఫోను బల్ల మీద పెట్టింది. "నాకూ తెలియడం లేదు," అంది. "రోజంతా పిల్లల నాలుకలు వినేదాన్ని నేను. నాకూ తెలియడం లేదు."

అయితే బయ్యూమీ చెవి అంతే. మరి ఆ దగ్గో? రెండింట్లోనూ ఉంది. ఇన్నేళ్ళు ఏ పాటలో దాక్కుంది?

నా పాత పనివాడి బుద్ధి ఒకటుంది. స్పీకరు అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి వైరు చూస్తాను. మరునాడు పొద్దున డబ్బాల దగ్గర నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు కూర్చోనివ్వవు, అయినా కూర్చున్నాను. అప్పుడు కనపడింది. నేల పలకల మీద, గోడకు ఆనుకుని, రెండు నలుచదరపు మచ్చలు. డబ్బాలు ఏళ్ళ తరబడి నిలబడిన చోట్లు. డబ్బాలు మాత్రం ఆ మచ్చల్లో లేవు. రెండు జానలు ముందుకు జరిగి ఉన్నాయి.

గోడ పొడుగునా వేలాడే పరదా ఎందుకో బరువుగా ఉంది. అంచు కింద ఎర్రగా ఏదో మెరిసింది. పరదా పక్కకు లాగాను.

మా పెళ్ళి రజాయి. ఎర్ర శాటిన్. మా పెళ్ళికి వారం ముందు దూదేకులవాడు దౌలత్ వాళ్ళ ఇంటి ముందు వీధిలో కూర్చుని కుట్టాడు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి డప్పు వాయించి పాడారు. అదిప్పుడు మేకులకు వేలాడుతూ గోడంతా కప్పేసి ఉంది.

వంటింటి దగ్గరికి వెళ్ళాను. "రజాయి ఎప్పుడు కట్టావు?"

"మీరు ఒట్టు వేసిన వారంలోనే, బోస్నియా పిల్ల తల్లి ఫోను చేసిన రోజు. అల్లా వాక్యం నేర్చుకుంటుంటే వెనక కానూన్ వస్తోంది, మీ ఇంట్లో పెళ్ళా అని అడిగిందట. డబ్బాలు గోడకు ఆనుకుంటే గోడ పాడుతుంది. జరిపాను. చలికాలపు రజాయి ఎలాగూ పెట్టెలో ఉంది, తీసి కట్టాను."

గోడ పాడుతుంది! నలభై మూడేళ్ళు ఈ పని చేసి, ఊళ్ళో పందిళ్ళవాళ్ళకు ఆ మాట నేను చెప్పాను. నా గదిలో ఆ గోడ పాడుతోందని నాకు తట్టలేదు.

రబాబ్‌ని పిలిచాను. రజాయి విప్పి, డబ్బాలు మచ్చల్లోకి నెట్టి పాట పెట్టించాను. కానూన్ మోగింది. గోరు లేదు. దగ్గు లేదు. అంతా బూడిద కలిసినట్టు. మళ్ళీ జరిపి, రజాయి కట్టాం. దగ్గాడు. రబాబ్ కూడా చేయి పైకెత్తింది. "నాన్నా, ఇది నాకు తెలుస్తోంది."

దౌలత్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేను అబద్ధం ఆడలేదు," అన్నాను. "తేడా ఉంది. పాటలో లేదు. నువ్వు చేశావు. నేను విన్నాను."

నా జీవితంలో ఒక్క గుక్కలో అన్ని మాటలు అనలేదు. ఆమె పిన్ను తీస్తుందనుకున్నాను.

ఆమె రజాయి వంక చూసింది. "ఎన్ని శుక్రవారాలు దీని ఎదురుగా కూర్చున్నారు?"

లెక్కపెట్టాను. "మూడు."

"యాభై ఏళ్ళ నాటి ఎవడి దగ్గో వినపడింది. ఇది కనపడలేదు."

లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు.

శుక్రవారం లబీబ్ వచ్చి అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు. "నీ ఒట్టు పాట మీద కదా, రజాయి మీద కాదు. ఒట్టు తప్పు, చెవి ఒప్పు. దీన్ని ఏ షేక్ తేలుస్తాడు? మా పాద్రీ అయితే పారిపోతాడు." పుచ్చగింజల పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. "గెలిచావో ఓడావో తెలియదు. ఉంచుకో."

నేనూ తేల్చుకోలేకపోయాను. ఇంటర్నెట్ పిండి డబ్బా రబాబ్‌కి వదిలేసి, పాట చిన్నదే పెట్టుకునేవాడిని. కళ్ళు తెరిచి వినడం మొదలుపెట్టాను. కళ్ళు తెరిస్తే పాట సగమే దొరుకుతుంది. మిగతా సగం చోట గది దొరికింది. పరదా రంగు వెలిసింది. కిటికీలో తులసిలాంటి రైహాన్ కుండీ ఉంది, ఎప్పటినుంచో మరి. ఆమె నడిచేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఆగి పడుతోంది. అది ఎప్పటినుంచో కూడా తెలియదు. అడిగాను. "రెండేళ్ళయింది," అంది.

ఇరవై ఆరో రోజు బుధవారం. సాయంత్రపు అసర్ నమాజు అయి కూర్చున్నాను. అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుపోయాయి. టీ వాసన వచ్చింది.

"ఏం మారింది?" అంది దౌలత్.

కళ్ళు తెరిచాను. డబ్బాలు జరిపిన చోటే ఉన్నాయి. రజాయి ఉంది. రైహాన్ ఉంది.

"గడియారం?"

"కాదు."

"పరదా ఉతికావు."

"ఉతికి వారమైంది."

బల్ల మీద టీ గ్లాసులు రెండున్నాయి. అది చెప్పబోయాను. అప్పుడు లబీబ్ కూర్చునే కుర్చీ కనపడింది. దాని వీపు మీద తలగుడ్డ ఉంది. పిన్ను గుడ్డకే గుచ్చి ఉంది. అక్కణ్ణుంచి ఆమె వైపు చూడడానికి నాకు కొంత సమయం పట్టింది. పాపిట వెడల్పయింది. గోరింట రంగు చివర్లకు దిగి, పైనంతా తెల్లగా ఉంది.

"చాల్లే, తాగు. చల్లారుతుంది," అని పక్కన కూర్చుంది.

కానూన్ వచ్చింది. గోరు. కుర్చీ. దగ్గు.

"పాపం," అంది దౌలత్. "సోంపు కషాయం తాగి రావలసింది కచేరీకి."

"నీకూ వినపడిందా?"

"ఎప్పుడు వినపడలేదు గనక? నువ్వు క్యాసెట్లు పెట్టే రోజుల్నుంచీ వంటింట్లోకి వస్తూనే ఉంది. ఈ పాట అనగానే అదిగో దగ్గేవాడి పాట అనుకునేదాన్ని."

గ్లాసు నా చేతిలో ఆగిపోయింది. "రజాయి కట్టకముందు కూడానా?"

"రజాయి పెట్టెలో ఉన్నప్పుడు కూడా."

పెద్ద పాట, చిన్న పాట, క్యాసెట్, గోడ, రజాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. తేల్చుకుందామని, మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా విందామని కళ్ళు మూసుకోబోయాను.

"తెరువు," అంది.